కలర్ టోనర్ సెట్టుకు 23,500: రీఫిల్ చేయించాలా, ప్రింటరే మార్చాలా?

ప్రశ్న: మాది ఖమ్మం జిల్లాలో ఒక మండల కేంద్రం. నేనూ మావారూ బస్టాండ్ దగ్గర చిన్న డీటీపీ షాపు నడుపుకుంటున్నాం. నిరుడు పొదుపు సంఘంలో లోన్ తీసుకుని 32,000 పెట్టి కలర్ లేజర్ ప్రింటర్ కొన్నాం. అప్పటి నుంచి పాత బ్లాక్ ప్రింటర్‌ని మూలన పెట్టేసి, పిల్లల ప్రాజెక్టులు, శుభలేఖల ప్రూఫులు, సర్టిఫికెట్లు, దేవుడి ఫోటోలు, మామూలు అప్లికేషన్లు అన్నీ దీని మీదే తీస్తున్నాం. ప్రింటర్‌తో వచ్చిన టోనర్లు మూడు నెలలకే అయిపోతే ఒక సెట్టు కొన్నాం. ఇప్పుడు అవీ అయిపోవచ్చాయి. యెల్లో ‘వెరీ లో’ అని చూపిస్తోంది, మిగతావి 10, 15 శాతం దగ్గర ఉన్నాయి. నాలుగూ ఒకేసారి మార్చాలని డీలర్ అంటున్నాడు. బ్లాక్ 5,500, రంగులు ఒక్కోటి 6,000, మొత్తం 23,500. రీఫిల్ చేసే అబ్బాయి ఒక్కోదానికి 900, చిప్ మారిస్తే ఇంకో 400 అంటున్నాడు. రీఫిల్ చేస్తే మెషిన్ పాడైపోతుందని డీలర్ భయపెడుతున్నాడు. మావారేమో ఇంకో తొమ్మిది వేలు వేస్తే టోనర్లతో సహా కొత్త ప్రింటరే వస్తుంది కదా అంటున్నారు. కలర్ ప్రింట్ పది రూపాయలకు ఇస్తున్నాం. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?

సమాధానం: అమ్మా, ముందుగా ఒక్క మాట. ఈ నెల మీరు 23,500 కట్టనక్కర్లేదు. నాలుగు కాట్రిడ్జిలూ, అంటే టోనర్ పొడి ఉండే డబ్బాలు, ఒకేసారి మార్చాలన్న నియమం ఏదీ లేదు. కలర్ లేజర్‌లో సయాన్ (లేత నీలం), మెజెంటా (ముదురు గులాబీ), యెల్లో, బ్లాక్ వేటికవే విడి. ఏది అయిపోతే దాన్నే మార్చుకోవచ్చు. సెట్టుగా అమ్మితే డీలర్‌కు బిల్లు పెరుగుతుంది, అంతే.

యెల్లో కూడా నిజంగా అయిపోయిందో లేదో చూడండి. స్క్రీన్ మీద కనిపించే శాతం అంచనా మాత్రమే. ఎన్ని పేజీలు తీశారు, ఎంత రంగు పడింది అన్న లెక్కను బట్టి వచ్చే అంకె అది. కాట్రిడ్జిని బయటకు తీసి, రెండు చేతులతో అడ్డంగా పట్టుకుని, నెమ్మదిగా ఆ పక్కకూ ఈ పక్కకూ ఐదారు సార్లు ఊపండి. అడుగున ఒక మూలకు చేరిన పొడి సమంగా పరుచుకుంటుంది. తర్వాత వర్డ్‌లో పేజీ వెడల్పునా ఒక పసుపు పట్టీ గీసి ప్రింట్ తీయండి. పట్టీ అంతా ఒకే రంగులో వస్తే ఇంకా కొన్నాళ్లు నడుస్తుంది. మధ్యలోనో అంచులోనో పాలిపోతే అప్పుడు మార్చాల్సిందే. ‘వెరీ లో’ రాగానే మెషిన్ ఆగిపోతుంటే, సెట్టింగుల్లో సప్లైస్ అనే చోట ‘వెరీ లో’ అయినప్పుడు ఆపాలా, అడగాలా, కొనసాగించాలా అని ఉంటుంది. అక్కడ ‘కంటిన్యూ’ పెట్టండి. చాలా కంపెనీల ఆఫీస్ ప్రింటర్లలో ఈ సౌకర్యం ఏదో ఒక పేరుతో ఉంటుంది.

ఇక అసలు సంగతికి వస్తాను. మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది 23,500 కాదు, ‘పది రూపాయలకు ఇస్తున్నాం’ అన్న మాట.

మీలాంటి షాపుల్లో ఉండే ప్రింటర్లకు వచ్చే కాట్రిడ్జిలు ఎంత చిన్నవో చూడండి. హెచ్‌పీ 206ఏ తీసుకుంటే బ్లాక్ 1,350 పేజీలు, రంగులు ఒక్కోటి 1,250 పేజీలు. కెనాన్ 054 అయితే బ్లాక్ 1,500, రంగులు 1,200. ఇవి కంపెనీలు చెప్పే అంకెలే. మీ డీలర్ చెప్పిన ధరను 206ఏ పేజీలతో భాగిద్దాం. ఒక్కో రంగుకు పేజీకి 4 రూపాయల 80 పైసలు. మూడు రంగులకు 14 రూపాయల 40 పైసలు. బ్లాక్‌కు ఇంకో 4 రూపాయలు. అంటే కాగితం, కరెంటు, మీ ఇద్దరి శ్రమ లెక్కలో వేయకుండానే ఒక కలర్ పేజీకి టోనర్ ఖర్చు 18 రూపాయలు దాటింది. దాన్ని మీరు పదికి ఇస్తున్నారు. గిరాకీ పెరిగేకొద్దీ నష్టం పెరుగుతుంది.

ఇంకో చిక్కుంది. ఈ 1,250 పేజీలన్నది ఐఎస్ఓ 19798 అనే ప్రమాణం ప్రకారం కొలిచిన అంకె. అందుకు వాడే నమూనా పేజీల్లో ఒక్కో రంగు ఇంచుమించు 5 శాతం చోటు మాత్రమే ఆక్రమిస్తుంది. పైన ఒక లోగో, మధ్యలో చిన్న చార్టు, మిగతా అంతా అక్షరాలు ఉన్న ఆఫీసు కాగితం అనుకోండి. మీ షాపులో తీసే దేవుడి ఫోటో అలా ఉండదు. వెనక పసుపు, ఎరుపు, నారింజ, అంచు దాకా నిండి ఉంటాయి. ఒక రంగు పేజీలో సగం నిండితే ఆ పేజీకి లెక్కకంటే పది రెట్లు పొడి ఖర్చవుతుంది. ఆ ఒక్క రంగుకే 48 రూపాయలు.

అన్నిటికంటే ముందు యెల్లో ఎందుకు అయిపోయిందో కూడా ఇక్కడే తెలుస్తుంది. ఎరుపు రంగు కావాలంటే ప్రింటర్ యెల్లో, మెజెంటా రెండూ కలిపి వేస్తుంది. ఆకుపచ్చకు యెల్లో, సయాన్. శుభలేఖల పసుపు కుంకుమ అంచులు, మామిడి తోరణాలు, దేవుడి పటాల వెనక కాంతి, అన్నిట్లోనూ యెల్లో ఉంటుంది. మన ఊళ్లలో షాపులకు వచ్చే పనే అలాంటిది.

మీవారి ఆలోచన ఎందుకు వచ్చిందో నాకర్థమైంది. లెక్క చూస్తే నిజంగానే అలా అనిపిస్తుంది. కానీ దయచేసి ఆ పని చేయకండి. కొత్త ప్రింటర్‌తో వచ్చేవి స్టార్టర్ కాట్రిడ్జిలు. బయట అమ్మేవాటికంటే వాటిలో పొడి తక్కువ పోసి ఇస్తారు. మొదటిసారి మూడు నెలలకే అయిపోయాయని మీరే రాశారు. మళ్ళీ 32,000 పెడితే మళ్ళీ మూడు నెలలకు ఇదే ఉత్తరం రాయాల్సి వస్తుంది, పైన ఇంకో లోన్ కిస్తీ కూడా ఉంటుంది. ప్రింటర్‌ను తక్కువ లాభానికి అమ్మి, ఆ లాభాన్ని తర్వాత ఏళ్ల తరబడి టోనర్ మీద రాబట్టుకోవడం ఈ వ్యాపారం నడిచే తీరు. మెషిన్ ధర చూసి కొనేవాళ్లే ఇందులో ఎక్కువగా దెబ్బతింటున్నారు. కొనేముందు కాట్రిడ్జి ధరెంత, పేజీలెన్ని అని షాపువాడు చెప్పడు, మనం అడగం.

రీఫిల్ మాటకొస్తే, మీ డీలర్ చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు, పూర్తిగా నిజమూ కాదు. మంచి పౌడర్‌తో, పద్ధతిగా చేసిన రీఫిల్ వల్ల ప్రింటర్ పాడవదు. చవక పౌడర్, చేతకాని రీఫిల్ వల్ల పాడవుతుంది. ఎలాగో తెలిస్తే ఆ అబ్బాయిని ఏం అడగాలో మీకే తెలుస్తుంది.

టోనర్ అంటే రంగు కలిపిన ప్లాస్టిక్ పొడి, అందులో కాస్త మైనం. విద్యుదావేశం వల్ల డ్రమ్ అనే గుండ్రటి రోలర్‌కు అంటుకుని, అక్కడి నుంచి కాగితం మీదికి చేరి, చివర్లో ఫ్యూజర్ అనే వేడి రోలర్ల మధ్య కరిగి అతుక్కుంటుంది. ఆ వేడి 200 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. ఒక్కో మెషిన్‌కు పొడి కరిగే వేడి వేరు, పొడికుండే ఆవేశం కూడా వేరు. కొన్ని కంపెనీల పొడిది ధనావేశం, కొన్నింటిది రుణావేశం. అందుకే ‘అన్ని ప్రింటర్లకూ ఇదే పౌడర్’ అని ఒకే డబ్బాలోంచి పోసేవాడి దగ్గరకు వెళ్లకండి. సరిపడని పొడి సరిగ్గా కరగక వేలితో రుద్దితే రాలిపోతుంది, లేదా ఎక్కువ కరిగి ఫ్యూజర్‌కు అంటుకుంటుంది. ఫ్యూజర్ పోతే రీఫిల్‌లో మిగిలిన డబ్బంతా దానికే సరిపోదు.

పౌడర్ సంచి మీద మీ ప్రింటర్ మోడల్ గానీ కాట్రిడ్జి నంబర్ గానీ ఉందా అని చూడండి. ఎన్ని గ్రాములు పోస్తున్నాడో అడగండి. మీ వీధిలో బంగారం కొట్టు గానీ, చిన్న ఎలక్ట్రానిక్ కాటా ఉన్న కిరాణా కొట్టు గానీ ఉంటే కాట్రిడ్జిని నింపకముందు ఒకసారి, నింపాక ఒకసారి తూకం వేయించండి. మొహమాటం వద్దు. డబ్బు మీది.

తర్వాత వేస్ట్ పౌడర్. హెచ్‌పీ, కెనాన్ చిన్న కలర్ మెషిన్లలో డ్రమ్, దాన్ని తుడిచే బ్లేడ్, వాడగా మిగిలిన పొడి చేరే అర అన్నీ కాట్రిడ్జిలోనే ఉంటాయి. కొత్త పొడి పోసేముందు పాత వేస్ట్ ఖాళీ చేయాలి. రంధ్రం పెట్టి పైన పొడి పోసి టేప్ అంటించి ఇచ్చేస్తే ఆ అర నిండి, పేజీ మీదా మెషిన్ లోపలా కారుతుంది. కాట్రిడ్జిని పూర్తిగా విప్పి, తుడిచి, నింపి, మళ్ళీ బిగించేవాడే పనిమంతుడు. మీ కళ్ల ముందే చేయమనండి. బ్రదర్ లాంటి కొన్ని కంపెనీల మెషిన్లలో డ్రమ్ విడిగా ఉంటుంది కాబట్టి వాటి సంగతి వేరు.

డ్రమ్ కూడా అరుగుతుంది. రెండు మూడు రీఫిళ్ల తర్వాత పేజీ మీద నిలువునా సన్నగా గీత పడుతుంటే డ్రమ్‌నో బ్లేడ్‌నో అనుమానించాలి. ఒకే మచ్చ పేజీలో సమదూరంలో మళ్ళీ మళ్ళీ పడుతుంటే అది చాలావరకు గుండ్రంగా తిరిగే డ్రమ్ మీద గాటు. అప్పుడు ఇంకో రీఫిల్ చేయించినా ఆ మచ్చ పోదు. డ్రమ్, బ్లేడ్ మార్పించాలి, లేదంటే కొత్త కాట్రిడ్జి తీసుకోవాలి.

చిప్ గురించి. మీ మూలనున్న పాత బ్లాక్ ప్రింటర్ మోడల్ రాయలేదు గానీ, మన డీటీపీ షాపుల్లో ఎక్కడ చూసినా కనిపించే హెచ్‌పీ 1020, కెనాన్ ఎల్‌బీపీ 2900 లాంటిదే అయి ఉంటుంది. 1020లో వాడే 12ఏ కాట్రిడ్జికి చిప్పే లేదు. అందుకే అది ఇన్నేళ్లుగా ప్రతి ఊళ్లోనూ చవకగా రీఫిల్ అవుతోంది. ఇప్పటి కలర్ కాట్రిడ్జిలు ఒక్కోదానికీ ఒక చిప్ ఉంటుంది. అయిపోయిందని ఒకసారి అందులో రాసుకుంటే, పొడి నిండా ఉన్నా మెషిన్ నమ్మదు. కొన్ని మోడళ్లలో ‘కంటిన్యూ’ పెడితే పాత చిప్‌తోనే ప్రింట్లు వస్తాయి, శాతం మాత్రం చూపించదు. ముందు అలా వస్తుందేమో చూడమనండి, 400 మిగులుతాయి. రాకపోతే చిప్ మార్పించండి.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. ప్రింటర్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయిన మర్నాటి నుంచి బయటి చిప్‌లను ఒప్పుకోకపోవడం మామూలైపోయింది. రీఫిల్ దారిలో వెళ్లదలచుకుంటే ఆటోమేటిక్ అప్‌డేట్ ఆపేయండి. అలాగే ‘కాట్రిడ్జ్ ప్రొటెక్షన్’ అని ఒక సెట్టింగ్ ఉంటే అదీ ఆఫ్‌లో ఉందో లేదో చూసుకోండి. ఆన్‌లో ఉంటే ఆ కాట్రిడ్జి మీ మెషిన్‌కే ముడిపడిపోతుంది. ఇంకెప్పుడైనా హెచ్‌పీ కొంటే మోడల్ నంబర్ చివర ఇంగ్లీషు ‘e’ అక్షరం ఉందేమో గమనించండి. వాటిలో హెచ్‌పీ ప్లస్ అనేదానికి ఒప్పుకుని మొదలుపెడితే ఆ తర్వాత ఒరిజినల్ తప్ప ఇంకేదీ వేయడానికి వీలుండదు, ఇంటర్నెట్ కూడా ఎప్పుడూ ఉండాలి.

వారంటీ ఇంకా ఉందా? ఉంటే ఆ కాగితం ఒకసారి చదవండి. రీఫిల్ వాడినంత మాత్రాన వారంటీ పోదని, రీఫిల్ వల్లే పాడైందని తేలితే ఆ రిపేరుకు మాత్రం డబ్బు కట్టాలని హెచ్‌పీ వారంటీలో ఉంటుంది. మీ కంపెనీ ఏమంటుందో చూసుకున్నాకే యెల్లో రీఫిల్ చేయించండి.

రీఫిల్ తప్పేమో అన్న బెరుకు చాలామందిలో ఉంటుంది. తప్పేం కాదు. అమెరికాలో లెక్స్‌మార్క్ కంపెనీ తన కాట్రిడ్జిలను నింపి అమ్మేవాళ్ల మీద పేటెంట్ కేసు వేస్తే, 2017లో అక్కడి సుప్రీంకోర్టు ఒకసారి అమ్మేశాక ఆ వస్తువు మీద కంపెనీ పేటెంట్ హక్కు అయిపోయినట్టేనని తీర్పిచ్చింది. కొన్నవాళ్లదే కాట్రిడ్జి.

తప్పు ఎక్కడుందంటే, రీఫిల్ చేసినదాన్ని ఒరిజినల్ డబ్బాలో పెట్టి ఒరిజినల్ ధరకు అమ్మడంలో. హైదరాబాద్‌లో కంప్యూటర్ సామాన్లు అమ్మే సీటీసీ వైపు వెళ్లినప్పుడో, ఆన్‌లైన్‌లోనో ‘ఒరిజినల్, సగం ధర’ అని కనిపిస్తే ఆశపడకండి. సీలు, హోలోగ్రామ్, క్యూఆర్ కోడ్ చూసి, జీఎస్టీ బిల్లుతోనే కొనండి. మోసపోతే బిల్లు చేతిలో ఉంటే 1915 అనే వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేయొచ్చు. ఖాళీ కాట్రిడ్జిని డబ్బాతో సహా అడిగేవాళ్లు వస్తుంటారు. ఇచ్చేటప్పుడు డబ్బా చించేసి ఇవ్వండి, మీ డబ్బాతో ఇంకొకరు మోసపోకూడదు. కంపాటిబుల్ అని బయటి కంపెనీలు సొంత పేరుతో అమ్మేవి వేరు. వాటిలో మంచివీ ఉన్నాయి, చెత్తవీ ఉన్నాయి. చిప్ పనిచేయకపోతే మార్చి ఇస్తామని బిల్లు మీద రాసిచ్చేవాడి దగ్గరే తీసుకోండి.

పొడి ఒలికితే కంగారుపడి ఇంట్లో వాడే వ్యాక్యూమ్ క్లీనర్ పెట్టకండి. అంత సన్నటి పొడి దాని ఫిల్టర్‌లోంచి బయటికొచ్చి గదంతా నిండుతుంది. తడి గుడ్డతో తుడవండి. చేతులు, బట్టలు చన్నీళ్లతోనే కడగండి, వేడి నీళ్లు తగిలితే మరక పట్టేస్తుంది. రీఫిల్ చేసేటప్పుడు మాస్క్ పెట్టుకోవాలి, పిల్లలు దగ్గర ఉండకూడదు.

ఇప్పుడు రీఫిల్ లెక్క చూద్దాం. చిప్‌తో కలిపి ఒక్కోటి 1,300. ఒరిజినల్ అంత రాదనుకుని వెయ్యి పేజీలే వేసుకున్నా నాలుగింటికీ కలిపి పేజీకి 5 రూపాయల 20 పైసలు. ఒరిజినల్‌తో 18 దాటే చోట ఇది 5. కాబట్టి మీ పరిస్థితిలో నేను రీఫిల్‌కే ఓటు వేస్తాను. ముందు యెల్లో ఒక్కటే చేయించి, నెల రోజులు చూడండి. బాగుంటే మిగతావి కూడా అతనికే ఇవ్వండి. సర్టిఫికెట్ల లాంటి పనికి రంగు కచ్చితంగా ఉండాలని ఎవరైనా పెద్ద ఆర్డర్ ఇస్తే, ఆ రేటులో కలుపుకుని ఒక ఒరిజినల్ సెట్టు కొనుక్కోవచ్చు. అప్పుడైనా ఎక్స్ఎల్ తరహా పెద్ద కాట్రిడ్జి ఉందేమో అడగండి. హెచ్‌పీ 206ఏకి పెద్ద రకమైన 206ఎక్స్ రంగులు 2,450 పేజీలు, బ్లాక్ 3,150 పేజీలు ఇస్తాయి. ధర ఎక్కువే, కానీ పేజీ లెక్కన చిన్నదాని కంటే తక్కువ పడాలి. భాగించి చూసి తేల్చుకోండి.

టోనర్ మిగిలేది మాత్రం పని పంచుకోవడం వల్లే. మూలనున్న బ్లాక్ ప్రింటర్‌ను దుమ్ము దులిపి బల్ల మీదకు తెచ్చి పెట్టండి. అప్లికేషన్లు, ఆధార్ కాపీలు, రెజ్యూమెలు అన్నీ దాని మీద తీయండి. కలర్ మెషిన్‌లో బ్లాక్ పేజీ తీసినా, కంప్యూటర్‌లో ప్రింటర్ సెట్టింగులుండే డ్రైవర్‌లో ‘గ్రేస్కేల్, బ్లాక్ ఓన్లీ’ అని పెట్టకపోతే బూడిద రంగు నీడల కోసం మూడు రంగులూ కలిపి వాడే మోడళ్లున్నాయి. పైగా ఆన్ చేసిన ప్రతిసారీ అది రంగులు సరిచూసుకుంటూ కొంత పొడి తినేస్తుంది. రోజులో పదిసార్లు ఆపి వేయకుండా, కలర్ పనులు కొన్ని కూడబెట్టి ఒకేసారి తీయండి.

దేవుడి ఫోటోలు, పిల్లల ప్రాజెక్టు బొమ్మలు లాంటి నిండు రంగుల పనికి లేజర్ సరైంది కాదు. వాటికి ఇంక్ ట్యాంక్ ప్రింటర్ కావాలి. ఎప్సన్ 003 సీసాలనే తీసుకుంటే 65 ఎం.ఎల్. బ్లాక్ సీసాకు 4,500 పేజీలు, మూడు రంగుల సీసాలు కలిసి 7,500 పేజీలు అని కంపెనీ చెబుతుంది. నిండు బొమ్మలకు అన్ని రాకపోయినా టోనర్‌తో పోలికే లేదు. ఇబ్బందులూ ఉన్నాయి. వేగం తక్కువ, నీళ్లు తగిలితే రంగు పారుతుంది, వారం పది రోజులు వాడకపోతే ఇంక్ చిమ్మే నాజిల్ ఎండిపోవచ్చు. మీకు రోజూ పని ఉంటుంది కాబట్టి ఎండే భయం లేదు. ఇంక్ ట్యాంక్ ప్రింటర్లు మీ లేజర్ ధరలో సగం లోపే దొరుకుతాయి. దీనికోసం మళ్ళీ లోన్ వద్దు. రీఫిల్‌లో మిగిలిన డబ్బు పక్కన పెట్టి, కూడినప్పుడు కొనండి. ఒక హెచ్చరిక: ఇంక్‌జెట్ ఫోటో పేపర్‌ను పొరపాటున లేజర్‌లో పెట్టకండి. దాని పూత ఫ్యూజర్ వేడికి కరిగి అంటుకుపోతుంది.

ఇక రేటు. పది రూపాయలు దాటితే పక్క షాపుకు పోతారన్న భయం మీకుంటుంది, ఉండాలి కూడా. అందుకని అందరికీ పెంచకండి. అక్షరాలు ఎక్కువగా ఉండి అక్కడక్కడా రంగున్న పేజీ పదికే ఇవ్వండి, రీఫిల్‌తో అందులో మీకు మిగులుతుంది. పేజీ నిండా బొమ్మ ఉంటే రెట్టింపుకు తగ్గకండి. రీఫిల్ పొడితోనైనా సగం పేజీ నిండే ఒక్క రంగుకే 13 రూపాయలు పడుతుంది, అలాంటివి రెండు రంగులుంటే ఇరవై కూడా చాలదు. రెండు నమూనా పేజీలు తీసి, ఒక్కోదాని కింద రేటు రాసి, కౌంటర్ అద్దం కింద పెట్టండి. తేడా కళ్లకు కనిపిస్తే బేరం తగ్గుతుంది. శుభలేఖల ప్రూఫులు కాగితం మీద ఇవ్వడం మానేసి వాట్సాప్‌లో పంపండి. అక్షరదోషాలన్నీ దిద్దుకున్నాక, చివరిగా ఒక్కటే ప్రింట్ ఇస్తామని ముందే చెప్పండి.